నీళ్లపిల్ల ముఖం

మేస్త్రీ చేతిలోని గీకుడు రేకు నీళ్లపిల్ల బొమ్మ ఎడమ చెంప మీద ఆడుతోంది. రంగు పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. పైన గులాబి, దాని కింద మీగడ తెలుపు, ఇంకా కింద ఎవరికి బుద్ధి పుట్టిందో వెండి రంగు. ఎవరైనా పెద్దమనిషి ఊళ్లోకి వస్తున్నాడంటే మునిసిపాలిటీ వాళ్లు ఒక డబ్బా, ఒక బ్రష్షు ఇచ్చి మనిషిని పంపేవారు. ఆ మనిషి మిగతా రోజుల్లో రోడ్డు మధ్య గోడలకు రంగు కొట్టేవాడు. గోడకూ పిల్లకూ అతని చేతికి తేడా తెలిసేది కాదు. అలా పూత మీద పూత పడి కనురెప్పలు పూడుకుపోయాయి, ముక్కు మొద్దుబారింది. పెదాలు మాత్రం ఏదో తిన్నది పడనట్టు ఎర్రగా ఉబ్బిపోయాయి.

"మెల్లగా గీకవయ్యా, తోలు ఊడొస్తుంది," అంది మంచె కింద నిలబడ్డ భార్య.

"తోలు కాదే, రంగు. నువ్వు సబ్బు సంగతి చూడు."

"ఉడుకుతోంది. సబ్బు సంగతి నాకు నువ్వు చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. బొమ్మ మీద ప్లాస్టరు పోసి అచ్చు తీయాలంటే ముందు చిక్కటి సబ్బు నీళ్లు పట్టించాలి. అది లేకపోతే ప్లాస్టరు బొమ్మను కరుచుకుని వదలదు. మేస్త్రీ షెడ్డులో ఆ పని మొదటినుంచీ ఆమెదే. ఎంతమంది మహానుభావుల బట్టతలలకు ఆమె సబ్బు రుద్దిందో. "ఊళ్లో పెద్దవాళ్లందరికీ ఒళ్లు తోమింది నేనే, ఒక్కడూ గుర్తు పెట్టుకోలేదు," అని నవ్వించేది. సబ్బు పట్టించినదాన్ని ఎవరైనా వేలితో తాకితే మాత్రం నవ్వేది కాదు. ఆ చెయ్యి ఎవరిదైనా సరే, వాళ్లకు మళ్లీ షెడ్డు గడప తొక్కే ధైర్యం ఉండేది కాదు.

నాలుగు రోడ్లు కలిసేచోట, నడుమెత్తు దిమ్మె మీద, ఆ పిల్ల ముందుకు వంగి దోసిట్లో నీళ్లు తాగుతూ ఉంటుంది. పక్కన సిమెంటు కొళాయి. ఊరికి మొదటిసారి పైపుల్లో నీళ్లు వచ్చిన ఏడు, ఆ సంబరం గుర్తుండేలా ఏదైనా చేసిపెట్టమంటే మేస్త్రీ చేసింది. ఇనుప చువ్వలు కట్టి, తీగ జాలీ చుట్టి, సిమెంటు మెత్తి, తడి ఆరకముందే రేకుతో ముఖం దిద్దాడు. అప్పటికి మేస్త్రీది కుర్రచేయి. ఆ సెంటరుకు కాగితాల మీద ఇంకేదో పేరుంది గానీ, ఆ పేరు చెబితే ఆటోవాడు కూడా తెల్లమొహం వేస్తాడు. కండక్టర్లు "నీళ్లపిల్ల, నీళ్లపిల్ల, దిగేవాళ్లు ముందుకు రండి" అంటారు. పక్కనే నీళ్లపిల్ల టైలర్స్, నీళ్లపిల్ల పంచర్ షాపు. ఎవరితోనైనా గొడవపడితే "నీళ్లపిల్ల దగ్గరకి రా, తేల్చుకుందాం" అంటారు.

ఆ పిల్ల ఎవరో ఊరికి తెలియదు. మేస్త్రీ కూతురు.

అప్పుడు దానికి ఏడేళ్లు. దోసిలి పట్టి నిలబడమంటే చేతులు లాగేస్తున్నాయని గునిసేది. అందుకని మేస్త్రీ షెడ్డు బయట కొళాయి తిప్పి నిజంగానే నీళ్లు తాగమన్నాడు. "ఎంతసేపు నాన్నా?" అంటే "నీళ్లు అయిపోయేదాకా" అన్నాడు. "కొళాయిలో నీళ్లు అయిపోవు కదా, మరి నేను ఇంట్లోకి ఎప్పుడు వెళ్లాలి?" అని అది నిలదీసింది. నీళ్లు చింది ఎడమ కంట్లో పడితే ఆ కన్ను సగం మూసింది. మేస్త్రీ రేకు ఆ సగం మూతను పట్టుకుంది. గడ్డం కింద, ఇసక కుప్ప మీంచి పడ్డప్పటి చిన్న గాటు కూడా పట్టుకుంది. మూతి నవ్వుతూ ఉండదు. నీళ్లకోసం తెరుచుకుని ఉంటుంది, అంతే.

మరుసటేడు వానల్లో దానికి జ్వరం వచ్చి తగ్గలేదు. పైపు మురుగుకాలవలోంచి వేశారట, ఆ నీళ్లే కారణమట అని తర్వాత అనుకున్నారు. అదే వానల్లో ఆ వీధిలో ఇంకో ముగ్గురు పిల్లలు పోయారు. దిమ్మె మీద నిలబడి నీళ్లు తాగుతున్న పిల్ల కూడా ఆ జ్వరానికే పోయిందని తెలిస్తే మునిసిపాలిటీ వాళ్లు తెల్లారేసరికి బొమ్మను తీయించేస్తారని మొగుడూ పెళ్లాలకు అర్థమైంది. ఇద్దరూ నోరు కుట్టేసుకున్నారు. ఇంట్లో ఒక్క ఫొటో లేదు. స్టూడియోకి తీసుకెళ్దామని ఆమె ఎప్పుడన్నా అడిగితే, "ముఖాలు చేసేవాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఫొటో ఎందుకే" అనేవాడు మేస్త్రీ. ఆ తర్వాత వాళ్లకు పిల్లలు పుట్టలేదు.

అప్పటినుంచి ఆమె బజారుకు వెళ్లినప్పుడల్లా సెంటరులో బస్సు దిగేది. దిమ్మె ఎక్కి, సంచిలోంచి తడిగుడ్డ తీసి పిల్ల ముఖం తుడిచేది. ట్రాఫిక్ కానిస్టేబుళ్లు మారారు గానీ ఆమె మారలేదు. "అమ్మా, వెనక బండ్లు ఆగుతున్నాయి, తొందరగా కానివ్వు," అంటే, "ముక్కులో దుమ్ము పోయింది నాయనా, తుమ్ముతుంది," అనేది. చేసిన పని మీద మేస్త్రీ కుటుంబానికి ఎంత అభిమానమో అని చూసినవాళ్లు మెచ్చుకునేవారు.

ఇప్పుడు ఆ నాలుగు రోడ్ల మీదుగా ఐదో రోడ్డు, ఆకాశంలో, రాబోతోంది. దాని స్తంభం సరిగ్గా దిమ్మె ఉన్నచోటే దిగాలి. బొమ్మను పగలగొట్టడమే అనుకున్నారు మొదట. రోడ్ల ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీరమ్మ అడ్డం పడింది. చిన్నప్పుడు ఆమె నీళ్లపిల్ల స్టాపులోనే స్కూలు బస్సు ఎక్కేదట. "ఈ నగరానికి గుర్తు ఏదంటే ఏం చూపిస్తాం సార్, ఫ్లైఓవరా?" అని పెద్దలతో వాదించి ఒప్పించింది. సిమెంటు బొమ్మ లోపల చువ్వలు దిమ్మెతో కలిసిపోయి ఉన్నాయి, ఊడదీస్తే ముక్కలవుతుంది. అందుకని అచ్చు తీసి, ఫైబరులో పోసి, ఊరి చివర కొత్త పార్కులో పెట్టాలి. బస్సుల మీదా, చెత్తడబ్బాల మీదా కూడా ఆ ముఖమే వేస్తారు. మేస్త్రీని వెతుక్కుంటూ షెడ్డుకు వచ్చి చెప్పినప్పుడు, భార్య ఇంజనీరమ్మకు మంచినీళ్లు ఇచ్చి, లోపలికి వెళ్లి చాలాసేపటికి గానీ బయటకు రాలేదు.

రోడ్డు ఆపేది ఆ ఒక్క ఆదివారమే. సాయంత్రానికి దిమ్మెను పడగొట్టే యంత్రం వస్తుంది.

మధ్యాహ్నానికి ముఖం బయటపడింది. చివరి పెచ్చు ఎడమ కంటి కొసన లేచినప్పుడు మేస్త్రీ చెయ్యి ఆగిపోయింది. సగం మూసిన కన్ను. గడ్డం కింద గాటు. రంగు కింద ఇన్నాళ్లూ అలాగే నీళ్లకోసం నోరు తెరుచుకుని ఉంది.

"వచ్చిందా?" అంది భార్య కింద నుంచి.

"వచ్చింది."

ఆమె మంచె ఎక్కి చూసింది. గాటు మీద వేలు పెట్టి తీసింది.

ఎదురుగా టీకొట్టాయన గ్లాసు కడుగుతూ, "మేస్త్రీ, రంగు తీశాక పిల్ల చిక్కిపోయిందే," అన్నాడు.

"ఇదే దాని అసలు ఒళ్లు," అన్నాడు మేస్త్రీ.

రంగు గీకిన పాత సిమెంటు తేనెపట్టులా ఉంటుంది. ఏది పోసినా తాగేస్తుంది, ఏది తగిలినా పట్టుకుంటుంది. అందుకని ఒళ్లంతటికీ సబ్బు భార్య పట్టించినా, ముఖానికి మాత్రం తనే పట్టిస్తానన్నాడు మేస్త్రీ. ఒక పూత ఆరనిచ్చి ఇంకో పూత, దాని మీద ఇంకోటి. బ్రష్షు కాదు, వేళ్లతో. నురగ కళ్ల గుంటల్లో చేరింది, సగం మూసిన కంట్లోంచి చెంప మీదకి జారింది. సరిగ్గా పట్టిందని తృప్తిగా చూసుకుని ప్లాస్టరు కలపడానికి కిందికి దిగాడు. ప్లాస్టరుకు ఓర్పు లేదు. నీళ్లలో పడిందంటే చుట్టూ ఉన్న లోకాన్ని మరిచిపోవాలి, ఉండ కట్టకుండా కలపాలి, పరుగున ఎక్కి పోయాలి. మేస్త్రీ తొట్టి మీదికి వంగి మోచేతి దాకా కలుపుతున్నాడు. పైన ఏం జరుగుతోందో చూడలేదు.

"పట్టుకో," అని తొట్టి అందించి తనూ ఎక్కాడు. భార్య అంచులు ఆపుతుంటే తను చిలకరించాడు, మెత్తాడు, గోనెపట్టీలు అద్దాడు. ముఖం తెల్లటి ముద్ద కింద మునిగిపోయింది. లోపల ప్లాస్టరు వేడెక్కింది. ఆమె అరచెయ్యి దాని మీద ఆనించి, "జ్వరం వచ్చినట్టు ఉందయ్యా," అంది.

"గట్టిపడుతోంది. చల్లారాక తీద్దాం."

చల్లారింది. అచ్చులో వీపు ముక్క వచ్చింది, చేతుల ముక్కలు వచ్చాయి, కొళాయి ముక్క వచ్చింది. ఒక్కోటి శుభ్రంగా, అద్దంలా. ముఖం ముక్క దగ్గర చెక్క సుత్తితో తట్టేసరికి మేస్త్రీకి చప్పుడు నచ్చలేదు. డొల్లగా పలకాల్సింది, మూగగా పలికింది. చీలలు దూర్చాడు, సందుల్లో నీళ్లు పోశాడు. రాలేదు. వదిలేయాలని చేతికి తెలిసింది. కానీ వదిలేసి చేసేది ఏముంది? రోడ్డుకు అవతల యంత్రం ఇంజను ఆపి ఎదురుచూస్తోంది. ఇంకో చీల కొట్టాడు.

ఒక్కసారిగా వచ్చింది. బరువుగా వచ్చింది.

మేస్త్రీ దాన్ని తిప్పి చూడలేదు, బొమ్మను చూశాడు. ముఖం ఉన్నచోట కంకరా ఇసకా ఉన్నాయి. నుదుటి దగ్గర తుప్పుపట్టిన జాలీ తీగ ఒకటి బయటకు వచ్చి ఉంది. దోసిలి అలాగే ఉంది. దోసిట్లోకి వంగి తాగడానికి నోరు లేదు.

కింద నుంచి టీకొట్టాయన, పాపం తెలియక, "ఇంకా గీకాలా మేస్త్రీ?" అన్నాడు.

మేస్త్రీ భార్యవైపు తిరిగాడు. ఆమె తన చేతిలోని ముఖం తుడిచే గుడ్డ వైపు చూస్తోంది. గుడ్డ నిండా నురగ ఎండి తెల్లగా అట్ట కట్టింది. అది తన చేతిలోకి ఎప్పుడు వచ్చిందో గుర్తులేనట్టు చూస్తోంది.

"కంట్లో సబ్బు పడిందయ్యా," అంది. "తుడిచాను."

తల మీద నీళ్లు పోసేటప్పుడు ఆ పిల్ల వీధంతా వినబడేలా ఏడ్చేది, కళ్లు మండుతున్నాయని. సబ్బు తగిలీ తగలకముందే తల్లి గుడ్డతో కళ్లు తుడిచేది. అది మేస్త్రీకి తెలుసు. ఒక నాయకుడి బొమ్మ చిటికెనవేలు విరిగిందని షెడ్డు కప్పు ఎగిరిపోయేలా అరిచిన మనిషి, ప్లాస్టరు ముక్కను గోనెలో చుట్టి, పిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మంచె దిగాడు.

ఇంజనీరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. ముఖం లేని బొమ్మను చూసింది. మెల్లగా, "మిగతా అంతా వచ్చింది కదా మేస్త్రీ గారూ. ముఖం చేసింది మీరే. మళ్లీ మీరే చేయగలరు," అంది. ఓదార్పుగానే అంది. ఆఫీసులో ఉన్న ఫొటోలు తెప్పిస్తానని కూడా అంది. తెప్పించింది. అన్నీ రంగు గీకకముందువి. ఎర్ర పెదాల బుడగ ముఖం. గీకాక ఒక ఫొటో తీయాలని ఎవరికీ తట్టలేదు. అచ్చే తీస్తున్నప్పుడు ఫొటో ఎందుకు?

యంత్రం పని యంత్రం చేసింది. వాళ్లు చూడటానికి ఆగలేదు.

మేస్త్రీ ఇల్లంటే షెడ్డు, దాని వెనక గది. షెడ్డు దూలాలకు పాత అచ్చుల చేతులూ కాళ్లూ వేలాడుతుంటాయి. గదిలో అలమర మీద ఉప్పు డబ్బా పక్కన ఎవరివో మూడు ముక్కులు ఉంటాయి. ఆమె వంట చేసేచోటు నుంచి చూస్తే పని బల్ల కనిపిస్తుంది. ఆ బల్ల మీద గోనె విప్పి, ప్లాస్టరులో ఇరుక్కున్న సిమెంటు తోలును సూదితో విడదీయడానికి కూర్చున్నాడు. ఏళ్ల తడికి అది మెత్తబడి ఉంది. ముట్టుకుంటే పిండి. ముక్కు వచ్చినట్టే వచ్చి వేళ్ల మధ్య రాలింది. గాటు ఉన్న గడ్డం ముక్క గోరంత మిగిలింది. దాన్ని పళ్లెంలో పెట్టి బంకమట్టి తీశాడు.

మట్టిలో ముఖం చేసి, దానికి అచ్చు తీసి, ఒంటికి అతకాలి. చిన్నపిల్లల ముఖాలు మేస్త్రీ ఎన్ని చేయలేదు. తెల్లారేసరికి ఒకటి అయింది. భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"ఇది బిస్కెట్ డబ్బా మీది పిల్ల," అంది.

మేస్త్రీ నలిపేశాడు. ఇంకోటి చేశాడు.

"ఇది మీ అక్క."

నవ్వు రాలేదు ఇద్దరికీ. నలిపేశాడు. ఆ తర్వాత చేసినవన్నీ చివరికి ఒకే ముఖానికి చేరాయి. బడుల ముందూ ఆస్పత్రుల ముందూ పెట్టడానికి ఇన్నేళ్లూ చేసిన ఉబ్బు చెంపల ముఖం. అది బుర్రలో లేదు, బొటనవేళ్లలో ఉంది. ఆపితే ఆగదు.

"నువ్వు చెప్పు," అన్నాడు ఒకరోజు రేకు కింద పెట్టి. "నుదురు ఎలా ఉండేది?"

"వెడల్పుగా. చెమట పట్టి వెంట్రుకలు అంటుకుని ఉండేవి."

"అది జ్వరంలో."

"మరి నాకు ఆ ముఖమే గుర్తుంది." మేస్త్రీ వైపు తిరిగింది. "నీకు?"

మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు. ఎంత వెతికినా వచ్చేది సిమెంటు పిల్లే. ముందుకు వంగి, సగం కన్ను మూసి, దిమ్మె మీద. షెడ్డులో పరుగెత్తిన పిల్ల, అన్నం దగ్గర మారాం చేసిన పిల్ల, "కొళాయిలో నీళ్లు అయిపోవు కదా" అన్నప్పటి పిల్ల, మాట వినబడుతోంది గానీ ముఖం లేదు. బొమ్మ ఉంది కదా అని ఎప్పుడో పిల్లను గుర్తుంచుకోవడం మానేశాడు. ఆ సంగతి భార్యకు చెప్పలేదు. "నాకూ అంతే," అన్నాడు.

మట్టిలో ఆయనకు ఖాయంగా తెలిసినవి రెండే. సగం మూసిన కన్ను, గడ్డం గాటు. మిగతాది పోగా ఆ రెండూ ఉన్నాయి. వాటిని దిద్ది తడిగుడ్డ కప్పాడు.

ఇంజనీరమ్మ పార్కు కమిటీ ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చింది. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి వచ్చాడు. మట్టి ముఖం చుట్టూ తిరిగి, "బాగుంది మేస్త్రీ గారూ, చేయి తిరిగిన పని," అన్నాడు. "ఒక్క మనవి. రెండు కళ్లూ తెరిస్తే బాగుంటుంది. జనం పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. బస్సుల మీద కూడా వేస్తున్నాం, ఒక కన్ను మూసి ఉంటే జబ్బు పిల్లలా ఉంటుంది. కొంచెం నవ్వు కూడా..."

"నీళ్లు తాగుతోంది సార్," అన్నాడు మేస్త్రీ. "నీళ్లు తాగేటప్పుడు ఎవరు నవ్వుతారు?"

"నగరం నవ్వుతున్నట్టు ఉండాలి కదండీ. ఇదిగో, ఇక్కడ గడ్డం మీద దెబ్బ తగిలినట్టుంది, చూసుకున్నారో లేదో."

"దెబ్బే," అంది భార్య పొయ్యి దగ్గర నుంచి. "ఇసక కుప్ప మీంచి పడింది."

కమిటీ ఆయన ఆమె వైపు తిరిగాడు. "ఎవరమ్మా?"

షెడ్డులో పైనుంచి వేలాడే చేతులు గాలికి ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి. ఇంజనీరమ్మ ఇద్దరి ముఖాలూ చూసింది. అడగబోయి ఆగింది. చెప్పేస్తే ఏమవుతుందో మేస్త్రీకి తెలుసు. అయ్యో అంటారు. ఆ కాలపు పైపుల సంగతి ఎవరో ఒకరు తవ్వుతారు. జ్వరంతో పోయిన పిల్ల ముఖం బస్సుల మీద ఎవరు వేస్తారు? మర్యాదగా ఇంకో బొమ్మ చూసుకుంటారు. ఒళ్లన్నా మిగలాలి.

"బొమ్మేనండి," అన్నాడు. "పక్కకు జరుపుతుంటే జారింది."

తడి బొటనవేలు గాటు మీద పెట్టి ఒక్కసారి రాశాడు. గడ్డం నున్నగా అయింది.

కమిటీ ఆయన వెళ్లాక భార్య పళ్లెంలోని గోరంత సిమెంటు ముక్కను తీసుకెళ్లి అలమర మీద, ఉప్పు డబ్బా పక్కన పెట్టింది. పని జరిగింది. రెండో కన్ను తెరిచాడు. మూతి కొసలు పైకి లాగాడు. ముఖానికి అచ్చు తీసే రోజున ఆమె సబ్బు కాచి తెచ్చింది, తనే పట్టించింది, పూత మీద పూత. కళ్లలో నురగ నిలిచింది. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని, ప్లాస్టరు పడేదాకా అలాగే నిలబడింది. అచ్చు అద్దంలా వచ్చింది. లోపల మైనం రాసి, ఫైబరు పొరలు పరిచి, ముక్కలన్నీ అతికి, అతుకులు అరగదీశాడు. గులాబి, ఎరుపు రంగులు మాత్రం పూయనన్నాడు. సిమెంటు బూడిద రంగే కలిపి కొట్టాడు. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

పార్కులో మొక్కలకు ఇంకా నర్సరీ సంచులు విప్పలేదు. లారీలోంచి బొమ్మను ఇద్దరే మనుషులు దించేశారు. అంత తేలిక. బోల్టులు బిగించాక ఇంజనీరమ్మ గోనె తీసింది. చుట్టూ ఉన్నవాళ్లు చూసి, "అచ్చం అదే," అన్నారు. దారిలో ఆగిన బస్సు కండక్టరు తల బయటపెట్టి, "నీళ్లపిల్ల ఇటొచ్చిందేంట్రా, మరి అక్కడ స్టాపును ఇప్పుడేమనాలి?" అని డ్రైవరును అడిగాడు. బస్సు కదిలింది.

టీకొట్టాయన కూడా చూడటానికి వచ్చాడు. అటూ ఇటూ తిరిగి మేస్త్రీ దగ్గరకు వచ్చి మెల్లగా అన్నాడు, "నవ్వుతోందే."

"అడిగారు," అన్నాడు మేస్త్రీ.

భార్య దూరంగా సిమెంటు బెంచీ మీద కూర్చుంది. సంచి ఒళ్లో ఉంది. సంచి తెరవలేదు.

మేస్త్రీ స్పానర్లు గుడ్డలో చుట్టుకున్నాడు. మిగిలిన రంగు డబ్బా ఇంజనీరమ్మకు ఇచ్చాడు. ఎక్కడన్నా గీసుకుపోతే దీంతోనే అద్దాలనీ, వేరే రంగు కొట్టనివ్వొద్దనీ చెప్పాడు. ఆమె సరేనంది. డబ్బా చేతిలో పట్టుకుని అడిగింది.

"దుమ్ము పడితే ఏం చేయాలి మేస్త్రీ గారూ?"

"సబ్బు నీళ్లతో కడగండి."

"కళ్ల దగ్గర జాగ్రత్తగా..."

"అక్కర్లేదమ్మా," అన్నాడు మేస్త్రీ. "దీనికేం కాదు." ఆ మాట చెప్పి, భార్యను లేపడానికి బెంచీ వైపు నడిచాడు.